డాక్టరుగారు కుక్కతోనే మాట్లాడతారు

ఆ కుక్కల డాక్టరుకి ఉన్న రోగం ఒక్కటే. ఆస్పత్రిలో అడుగు పెట్టాడంటే మనుషులతో మాట్లాడడు. మాటలు రాక కాదు, గర్వమా అంటే అదీ కాదు. అడగాలన్నా, తిట్టాలన్నా, మందు ఎలా వేయాలో చెప్పాలన్నా అంతా బల్ల మీదున్న కుక్కతోనే. దాన్ని తెచ్చిన మనిషి పక్కన గుంజలా నిలబడి తన గురించి జరిగే సంభాషణ వినాలి, అంతే.

"ఏం నాన్నా, ఎప్పట్నుంచి అన్నం మానేశావ్?" అని పెదవి పైకెత్తి చిగుళ్ళు చూస్తూ అడుగుతాడు.

"మొన్నట్నుంచి డాక్టరుగారూ," అంటాడు యజమాని.

డాక్టరు అటు తిరిగితే ఒట్టు. "మొన్నట్నుంచా నాన్నా? మరి నిన్నంతా మీ ఇంట్లోవాళ్ళు ఏ రాజకార్యంలో ఉన్నారు?"

ఈ వేడుక రోజూ చూసే భాగ్యం ఆయన మరదలిది. ల్యాబ్ కోర్సు పూర్తి కాగానే అక్కమొగుడి ఆస్పత్రిలోనే, వెనకగదిలో మైక్రోస్కోపు ముందు చేరింది. ఆమెక్కూడా ఆయన నోటి నుంచి నేరుగా ఒక్క ముక్క రాలేదు. "నాన్నా, లోపలున్న పిన్నిని పిలువు. నీ చెవి చివర గుచ్చి చుక్క రక్తం తీసుకుంటుంది," అని కుక్కకి చెబితే ఈవిడ సూది పట్టుకుని రావాలి. దేశంలోని కుక్కలన్నిటికీ తను పిన్ని ఎప్పుడైందో పాపం ఆమెకే తెలీదు.

ఫోన్లో అయితే మరీ అన్యాయం. ఎవరో కంగారుగా "మా కుక్కకి ముక్కులోంచి రక్తం కారుతోందండీ!" అంటే, ఈయన "ఏదీ నాన్నా, ఫోను నీ చెవి దగ్గర పెట్టమను," అన్నాడు. అవతలివాళ్ళు పెట్టారు కూడా! "బుజ్జీ, వెంటనే ఆటో ఎక్కి వచ్చెయ్," అని పెట్టేశాడు. బుజ్జి వచ్చింది. పిడుదులు కుట్టి వచ్చే టిక్ ఫీవరే. బతికింది.

"మనుషులంటే అంత భయమా బావా?" అని మరదలు ఇంటి దగ్గర ఆటపట్టిస్తే అక్క నవ్వేది. "భయమేంటే! పెళ్ళి చేసుకుంటావా అని కూడా నా ఒళ్ళో ఉన్న కుక్కపిల్లనే అడిగాడు. అది తోకూపింది. నేను ఇరుక్కుపోయాను."

ఒకసారి ఒక పోలీసాయన తన వేటకుక్కని తెచ్చాడు. మీసం చూస్తేనే వీధి ఖాళీ అయ్యే మనిషి. "మా ఇంట్లో పిడుదులా? ఛాన్సే లేదు. గడ్డి మీద కాలే పెట్టనివ్వను," అని గర్జించాడు. డాక్టరు కుక్క చెవి తిరగేశాడు. లోపల నల్లగా, గుండ్రంగా, తాగి తాగి ఉబ్బిన పిడుదులు వరసగా కూర్చున్నాయి.

"నాన్నా, వీళ్ళెవరు? మీవాళ్ళకి తెలీకుండా గదులు అద్దెకిచ్చావా?" అన్నాడు. "పాపం, మీ నాన్నగారికి దొంగల్ని పట్టుకునే పనుంది, నీ చెవులు చూసే తీరికెక్కడిది? ఆయన్నేం అనకు."

పోలీసాయన మొహం కందగడ్డలా అయింది. కానీ మరుసటి వారం తనంతట తనే వచ్చి, పిడుదులు ఎక్కకుండా మెడకి కట్టే పట్టీ కొనుక్కుని వెళ్ళాడు.

మరదలికి నేర్పిన చదువంతా కూడా కుక్కల చెవుల మీదుగానే. "చూడు బంగారం, పిడుదు కుట్టి జబ్బు అంటించి దర్జాగా పోతుంది. నీకు జ్వరం, నీరసం. ఇక జబ్బుంటే గీత చూపించే కిట్ మీద నీ రక్తం వేస్తాం. గీత రాలేదని ఎగరకు. జబ్బు కొత్తదైతే కిట్టుకి తెలీకపోవచ్చు, పైగా అన్ని జబ్బులూ అది పట్టుకోలేదు. అందుకని గాజుపలక మీద చుక్క రక్తం పరిచి, రంగు వేసి, పిన్ని మైక్రోస్కోపులో వెతుకుతుంది. దొరికితే దొంగ దొరికినట్టే. దొరక్కపోతే దొంగ లేడని కాదు." ఈ పాఠం మరదలికి ఎంతలా వచ్చేసిందంటే, నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేస్తుంది. అదే కొంప ముంచింది. వచ్చిన పాఠమే కదా అని మనసు పెట్టడం మానేసింది.

వీధి చివర టైలరమ్మ ఉంది. మెడలో టేపు, నోట్లో కత్తెరలాంటి నాలుక. ఆమె కుక్క పేరు గుండీ. ఎప్పుడూ కుట్టుమిషను కింద పడుకునే పిల్ల. డాక్టరుతో ఏనాడూ పడేది కాదామెకి. "డాక్టరుగారూ, నేనిక్కడున్నా! నాతో మాట్లాడండి. దానికి మీ మందుచీటీ చదవడం వచ్చా?" అని మీద పడేది. డాక్టరు గుండీ వైపే చూసి, "మీ అమ్మకి కోపం ఎక్కువ, నీకు ఓపిక ఎక్కువ," అనేవాడు.

ఆ గుండీ జ్వరంతో వచ్చింది. కిట్ మీద గీత రాలేదు. మరదలు రక్తం పలక మీద పరిచి చూసింది. ఎర్రకణాల్లో అక్కడక్కడా నల్లటి చుక్కలు కనిపించాయి. రంగు సీసా అడుగుకొచ్చింది, నలకలు పడ్డాయి అనుకుంది. బయట ఇంకా అరడజను కుక్కలు మొరుగుతున్నాయి. 'ఏమీ లేదు' అని రాసేసింది. డాక్టరు ఆ మాట నమ్మి సంతకం పెట్టాడు. జ్వరం మాత్రలతో గుండీ ఇంటికెళ్ళింది.

మూడోరోజు పొద్దున్నే టైలరమ్మ దాన్ని చేతుల మీద మోసుకొచ్చింది. చిగుళ్ళు సున్నం కొట్టినట్టున్నాయి. ఒంటేలు కాఫీరంగు. తల నిలబెట్టలేకపోతోంది.

డాక్టరు వెనకగదిలోకి వెళ్ళి మొన్నటి పలకే తీసి చూశాడు. తర్వాత పక్కకి జరిగి మరదలికి చోటిచ్చాడు. ఆమె కన్ను పెట్టి చూసింది. నలకలు కావు. ఎర్రకణం లోపల జంట నీటిబొట్ల ఆకారంలో పిడుదు అంటించిన క్రిములు, మొనలు కలుపుకుని, కళ్ళకి కట్టినట్టు. ఈ కుక్క పోతే తను ఇంక జన్మలో మైక్రోస్కోపు ముట్టుకోదు. ఆ సంగతి ఆమెకి అప్పుడే తెలిసిపోయింది.

బయట టైలరమ్మ అరుస్తోంది. "మొన్న ఏమీ లేదన్నారే! ఎవరు చూశారు ఆ రక్తం? ఆ మనిషిని నా ముందుకు రమ్మనండి!"

మరదలు తలుపు దాకా వచ్చి ఆగిపోయింది.

డాక్టరు సూది గుచ్చుతూ గుండీ చెవి దగ్గరికి వంగాడు. "తల్లీ, మొన్న నీ రక్తం చూసిన కళ్ళు తప్పు చూశాయి. కాగితం మీద సంతకం నాది. కరవాలంటే నన్ను కరువు. కానీ దొంగ దొరికాడు, మందుంది. ఇవాళంతా సెలైన్ ఎక్కిస్తూ నీ రక్తం మళ్ళీ మళ్ళీ చూడాలి. చూసేది ఆ కళ్ళే. ఒకసారి దెబ్బ తిన్న కళ్ళు రెండోసారి ఏమరవు. నా మాట నమ్ము."

టైలరమ్మ బల్ల అంచునే కూలబడి గుండీ తల ఒళ్ళో పెట్టుకుంది.

మరదలు ఆ పూట తిండి ముట్టలేదు. రక్తం తీసింది, పరిచింది, కొత్త సీసా రంగు వేసింది, చూసింది. మళ్ళీ తీసింది. ఇన్నాళ్ళూ తను పడీపడీ నవ్వుకున్న అలవాటు ఎందుకో అప్పుడు అర్థమైంది. బావ తిట్టినవాళ్ళెవరూ తల దించుకోవాల్సిన అవసరం రాలేదు. అందరూ కుక్కనే చూస్తూ నిలబడ్డారు. తప్పు చెవిన పడింది కానీ పరువు ఉన్న చోటే ఉండిపోయింది. బావ మీద ప్రేమ పొంగుకొచ్చి ఆమెకి ఏడుపొచ్చింది.

సాయంత్రానికి జంట బొట్లు పలచబడ్డాయి. వారం తిరిగేసరికి గుండీ తన కాళ్ళ మీదే నడిచొచ్చి, బల్లెక్కి డాక్టరు కళ్ళజోడు నాకింది. టైలరమ్మ పక్కనే నిలబడింది. మరదలు ఇంక ఉండబట్టలేకపోయింది. మనిషి మొహం చూసి చెప్పే ధైర్యం ఎక్కడిది? వంగి కుక్క మెడ పట్టుకుంది.

"గుండీ, మీ అమ్మకి చెప్పు. ఆ రోజు తప్పు చూసింది నేనే. నన్ను క్షమించమను."

టైలరమ్మ ఆమెని చూసింది, డాక్టరుని చూసింది. నెమ్మదిగా తనూ వంగింది.

"గుండీ, మీ పిన్నికి చెప్పవే. ఆ ముక్క ఆ రోజే నీ చెవిలో కాక నా మొహాన అనుంటే, నిన్ను ఎత్తుకుని వేరే ఆస్పత్రికి పరిగెత్తేదాన్ని. దార్లోనే పోయేదానివి. ఇప్పుడేమో దొంగా దొరికాడు, నువ్వూ దక్కావు. ఇక ఏడవద్దను, చూడలేకపోతున్నా."

డాక్టరు గుండీ కాలి వేళ్ళ సందులు వెతుకుతూ, తల ఎత్తకుండానే అన్నాడు. "తల్లీ, నీకు తెలీదు. మా ఇంట్లో మరదలు తప్పొప్పుకోవడం ఇదే మొదలు. మా ఆవిడ నమ్మదు. ఇంకోసారి గట్టిగా చెప్పమను."

"గుండీ," అంది మరదలు కళ్ళు తుడుచుకుంటూ, "ముందు మా బావ చెవుల్లో పిడుదులున్నాయేమో చూడమ్మా."