బాపు నుదుటి బొట్టు

మనిషి బతుకంతటికీ ఒకటో రెండో ఫోటోలు ఉంటే గొప్ప అనుకునే కాలమది. మా బాపుకు ఒక్కటే ఉండేది. కరీంనగర్‌లో ఒక ఫోటోగ్రాఫరు ఆయనను కిటికీ పక్కన కూర్చోబెట్టి, సగం ముఖం వెలుగులో, సగం నీడలో ఉండేలా తీశాడు. అది కళ అని నాకు చాలా తర్వాత తెలిసింది. (మిగతా సగం ఎప్పుడిస్తాడో అడిగి రమ్మని బాపు నన్ను పంపబోయాడు కూడా.) బాపు పోయాక హుజూరాబాద్ ఇంట్లో మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, దాన్ని అట్టకు అతికించి గోడకు కొట్టించింది. రోజూ పొద్దున తడి వేలితో నుదుట కుంకుమ పెట్టేది. రెండు వానకాలాలు గడిచేసరికి గోడ చెమ్మకు అంచులు పసుపెక్కాయి, నుదుటి దగ్గర కాగితం పొరలు లేచింది. ఇంకో వానకాలానికి బాపు మిగలడని నాకు భయం పట్టుకుంది.

అప్పుడే కరీంనగర్‌లో కొత్తగా నౌకరిలో చేరాను, సాయంత్రాలు గ్రంథాలయంలో చదివిందల్లా నిజమని నమ్మే వయసు. ఫోటో అద్దానికి తగలకూడదు, నడుమ కాస్త సందుండాలి అని ఒక పుస్తకంలో చదివాను. కాస్త అంటే ఎంతో అందులో లేదు. పటాలు కట్టే సాయబుతో ఫోటోకు అద్దం వేయించి, నడుమ వేలు మందం సందు పెట్టించాను. "ఫోటువుకు గాలాడాల్నా?" అని ఆయన నవ్వాడు.

ఫోటో పట్టుకెళ్లేటప్పుడు అవ్వ ఒకటే అడిగింది. "అద్దం పెడితే ఆయన నుదురు నాకు అందుతదా బిడ్డా?"

అద్దం మీద పెట్టినా ఆయనకు చేరుతుందన్నాను.

తద్దినానికి మేనమామ వచ్చాడు. తలుపు దగ్గర తల వంచితే గానీ లోపలికి రాలేనంత పొడగరి. పటం ముందు నిలబడి చాలాసేపు చూశాడు. "ఏందక్కా, బావకు బొట్టు ముక్కు మీద పెట్టినవ్?" అన్నాడు. నుదుటి మీదనే ఉన్నదని అవ్వ. తాత నెత్తి మీద ఉందని చెల్లెలి కొడుకు. తలా ఒక చోట నిలబడి తలా ఒక మాట అంటుంటే నాకప్పుడు తట్టింది. అవ్వ పొట్టిది, దూరం ఆనదు, గోడకు ఆనుకుని తలెత్తి పెడుతుంది. ఆమె ఎత్తు నుంచి చూస్తేనే అది నుదుటి మీద పడుతుంది. ఆ బొట్టుకూ బాపుకూ నడుమ నా వేలు మందం చదువు ఉంది.

సందు తగ్గించి తెస్తానని పటం దించబోతే అవ్వ అంచు పట్టుకుంది.

"మల్ల ఇప్పితే గా కాగితం ఆగుతదా? ఉండనియ్యి. సూసెటోళ్లే జర వంగుతరు."

మామ మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగి చూసి, ఇప్పుడు సరిగ్గా ఉందని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఇంటికి వచ్చినవాళ్లంతా ఆ గోడ ముందు వంగారు. బతికినన్నాళ్లు బాపు ముందు ఎవరూ వంగగా నేను చూడలేదు. (ఆయన ఒకరి దుకాణంలో లెక్కలు రాసే మనిషి. వంగింది ఆయనే.)

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. బాపు ముఖం మాత్రం పటం కట్టిన నాడు ఎలా ఉందో అలాగే ఉంది. అద్దం మీద ఆమె చివరి బొట్టు ఎండి మచ్చలా నిలిచింది, నేను తుడవలేదు. చాలాకాలం నేనూ వంగే చూసేవాణ్ణి. ఈ మధ్య ఒక పొద్దున మామూలుగా ఆ గోడ ముందు నిలబడితే, బొట్టు తిన్నగా నుదుటి మీదనే, కాగితం పొర లేచిన చోటనే కనిపించింది. పటం జరిగిందేమోనని మేకు చూశాను. మేకు కదల్లేదు. నా నడుమే వంగి నన్ను అవ్వ ఎత్తుకు దించింది.