పెట్రోలు ట్యాంకు మీద సన్నెకల్లు గుండు

నా చిన్నప్పుడు మా చిన్నాయన తన మోటారు సైకిలుకు సామాన్లు కడుతుంటే చూడటానికి వీధిలో జనం నిలబడిపోయేవాళ్లు. ఆయన ఊరూరా తిరిగి ఆయిల్ ఇంజన్లు బాగు చేసేవాడు. చిత్తూరులో బయలుదేరితే మళ్లీ ఇల్లు చేరడానికి పదిహేను రోజులు పట్టేది. స్పానర్లు, స్టవ్వు, గిన్నెలు, దుప్పటి, వానకోటు అన్నీ ఆ బండి మీదే. టార్పాలిన్ గుడ్డతో కుట్టించిన రెండు సంచులు వెనక చక్రానికి చెరో పక్కనా వేలాడేవి. ప్రతి వస్తువునూ అరచేతిలో తూచి, కాసేపు ఆలోచించి, దాని చోట పెట్టేవాడు. పాత ట్యూబులు కోసిన పట్టీలతో బిగించాక బండిని ఒకసారి ఊపి చూసేవాడు. లోపల ఒక్క గిన్నె చప్పుడు కూడా వినిపించేది కాదు. స్వామికి అలంకారం చేసే పూజారిని చూసినట్టు చూసేదాన్ని నేను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ పోయింది. నాయన సూళ్లూరుపేటలో ఒక రైసుమిల్లులో పనిచేసేవాడు. ఒక్కడే నన్ను చూసుకోలేక ఏడాదిపాటు చిన్నాయన ఇంట్లో ఉంచాడు. తర్వాత అక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని, పాపను తీసుకురమ్మని ఉత్తరం రాశాడు. చిన్నాయన ముందురోజే సామాన్లన్నీ కట్టేశాడు. నా గౌన్లు, పుస్తకాలు ఎడమ సంచిలో పెట్టి, ఇంక దేనికీ చోటు లేదన్నాడు.

మా ఇల్లు ఖాళీ చేసినప్పుడు తెచ్చిన, అమ్మ కారం నూరిన సన్నెకల్లు చిన్నాయన పెరట్లో ఉండేది. కింది రాయిని నేను కదపలేను. పైన గుండు మాత్రం రెండు చేతులా ఎత్తగలను. అమ్మ చేతులు పట్టీ పట్టీ దాని రెండు కొసలూ నున్నబడి ఉండేవి. పొద్దున్నే చిన్నాయన స్నానానికి వెళ్లినప్పుడు గౌన్లు కొన్ని తీసి పరుపు కింద దాచి, ఆ గుండును ఎడమ సంచిలోకి దూర్చాను.

బయలుదేరినప్పటి నుంచీ ఆయనకు అనుమానమే. "బండి ఎడమకు లాగతా ఉండాదే" అంటూ పాకాల దాటాక ఆపి టైరు నొక్కి చూశాడు. గాలి సరిగ్గానే ఉంది. వెనక కూర్చున్న నేను ఎడమ సంచి వైపు చూడకుండా తల తిప్పుకున్నాను. తిరుపతి దాటాక ఒక మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. చిన్నాయన పక్కకు తిప్పేసరికి ఎడమ సంచి పట్టీ తెగింది. బండి ఒరిగి, రోడ్డు పక్క ఇసుకలో ఇద్దరం పడ్డాం. బస్సు వెనక చక్రాలు నా తలకు రెండు మూరల దూరంలో దొర్లిపోయాయి. ఆ వేడిగాలి ముఖానికి తగిలింది.

చిన్నాయన మోచేయి చెక్కుకుపోయి రక్తం కారుతోంది. ముందు నన్ను లేపి, కాళ్లూ చేతులూ తడిమి చూశాడు. తర్వాత చిరిగిన సంచిలోంచి బయటికి దొర్లిన గుండును చూశాడు.

"ఇది యాడిది పాపా?"

"అమ్మది" అన్నాను. ఆ తర్వాత ఏడుపు ఆగలేదు.

కొడతాడనుకున్నాను. ఆయన గుండుకు అంటిన ఇసుక తుడిచాడు. "నాకు సెప్పకపోయినా బండికి తెలిసిపోతాది పాపా. సెప్పింటే దానికో తావు సూసేవాణ్ణి గదా" అన్నాడు.

గుండును నా చేతుల్లో పెట్టి, చేతులు చాపి పట్టుకోమన్నాడు. అయిదు లెక్కపెట్టేలోపే చేతులు వణికిపోయాయి. "ఇప్పుడు కడుపుకాడికి తెచ్చుకో" అన్నాడు. తెచ్చుకున్నాను. అదే గుండు, అవే చేతులు. ఎంతసేపైనా మోయగలననిపించింది.

"బరువైందాన్ని ఒంటికి దగ్గిరగా పెట్టుకోవల్ల. దూరంగా ఏలాడేస్తే పడదోస్తాది."

చింతచెట్టు నీడలో సామాన్లన్నీ దించి, మొదటి నుంచీ మళ్లీ కట్టాడు. గుండును తన దుప్పటిలో చుట్టి, పెట్రోలు ట్యాంకు మీద, తన కడుపుకు ఆనించి బిగించాడు. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట దాకా బండి గీత గీసినట్టు పోయింది. గతుకు వచ్చినప్పుడల్లా ఆయన ఎడమచేయి గుండు మీదికి వెళ్లి, పసిబిడ్డను అదిమినట్టు అదిమేది. ఆయన వీపుకు చెంప ఆనించి అదంతా చూస్తున్న నాకు, ఇంత పెద్ద మనిషి ఇంకెక్కడైనా ఉంటాడా అనిపించింది.

మేం ఇంటి ముందు దిగాక నాయన దుప్పటి విప్పి చూశాడు. గుండును రెండు చేతులా ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాడు.

పెద్దయ్యాక నేను బడిపంతులమ్మనయ్యాను. చక్కగా చదివే పిల్ల ఉన్నట్టుండి తడబడితే, లోపల ఏదో బరువు దాచుకుందనిపించి బెత్తం తీయబుద్ధయ్యేది కాదు. పిలిచి, నా కుర్చీ పక్కన చాప వేసి కూర్చోబెట్టేదాన్ని. కొందరు పిల్లలు మెల్లగా చెప్పుకునేవాళ్లు. కొందరు చెప్పేవాళ్లు కాదు. చెప్పనివాళ్లను కూడా సాయంత్రం గంట కొట్టేదాకా అక్కడే ఉండనిచ్చేదాన్ని.