ఎండలో మొర

పాక్ విర్యాత్మో బతుకంతా ఎండ మీదే పరిశోధన చేశాడు. జావాలో పెద్దవాళ్ళ పేరుకు ముందు 'పాక్' అనడం మర్యాద. లా కాలేజీలో పిల్లలు ఆ మర్యాదకు లోటు రానిచ్చేవారు కాదు. పాఠం మాత్రం వినేవారు కాదు.

ఆయన చెప్పేది పాత రాజుల న్యాయం. అందులో ఆయనకు ప్రాణం 'పెపె' అనే ఆచారం. అన్యాయం జరిగినవాడు తెల్లబట్టలు కట్టుకుని, కోట ముందు మైదానంలో ఎండకు కూర్చునేవాడు. నోరు విప్పకూడదు, నీడకు జరగకూడదు. రాజు కంట పడ్డాక దగ్గరికి పిలిపించి మొర విని తీరాలి. మైదానంలో అందరి ముందూ ఇచ్చిన మాటను రాజు కూడా వెనక్కి తీసుకోలేడు. దీని మీద ఆయనొక పెద్ద పుస్తకం రాశాడు. భార్య లాసియెమ్ దాన్ని గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డు పెట్టేది.

వాళ్ళ ఇల్లు కోటగోడ లోపల ఉంది. కోటలో దీపాలు వెలిగించే కొలువు చేసిన తాత కట్టిన ఇల్లు అది. గోడలు వీళ్ళవి, నేల కోటది. కోటలో ఇప్పటికీ రాజుగారున్నారు, ఆయన దయ ఉన్నన్నాళ్ళూ ఉండొచ్చు. ఈ ఏడు కోట ఆస్తులు చూసే ఆఫీసు ఆ నేల పర్యాటకుల బస్సులు నిలపడానికి కావాలంది. విర్యాత్మో ఆ ఆఫీసు చుట్టూ తిరిగాడు. ప్రతి బల్ల దగ్గరా టీ ఇచ్చారు, మాట ఎవరూ ఇవ్వలేదు. లాసియెమ్ గిన్నెలు మూటలు కట్టడం మొదలుపెట్టింది.

అప్పుడొచ్చాడు బాస్కోరో, నగర ఉత్సవాల నిర్వాహకుడు.

"పాక్, ఈసారి ఉత్సవంలో మీ పెపె ఆడిస్తున్నాం. ఎండలో మీరే కూర్చోవాలి. అంత దీనంగా కనిపించే మొహం ఊళ్ళో ఇంకొకటి లేదు."

"రాజెవరు?"

"హోటలు హందోకో. ఖర్చంతా ఆయనది. రాజు టోపీ ఇంకొకరికి పెడితే ఊరుకుంటాడా?"

చూడ్డానికి ఆస్తుల ఆఫీసు పెద్ద కుస్నాది కూడా వస్తాడని తెలిశాక విర్యాత్మో ఒప్పుకున్నాడు.

ఉత్సవం రోజు ఆయన మైదానంలో మాడాడు. భటులు తీసుకెళ్ళి రాజు ముందు నిలబెట్టారు. రాసిచ్చిన ప్రకారం దొంగలెత్తుకెళ్ళిన గేదె గురించి మొరపెట్టుకోవాలి.

"ప్రభూ, మా తాత కట్టిన ఇల్లు పడగొడతామంటున్నారు. ఈ వయసులో మేమెక్కడికి పోవాలి?" అన్నాడాయన.

హందోకో చేతిలో కాగితం తిరగేశాడు. ఇల్లు ఎక్కడా లేదు. చెమట తుడుచుకుని, చివరికి గట్టిగా అరిచాడు: "నీ ఇల్లు నీదే! ఎవడూ ముట్టుకోడు!"

మైదానం చప్పట్లతో దద్దరిల్లింది. ముందు వరసలో కుస్నాది లేచి నిలబడి మరీ కొట్టాడు. విర్యాత్మోకి ఏడుపు ఆగలేదు.

"ఉల్లిపాయ వాడారా పాక్?" అని బాస్కోరో చెవిలో అడిగాడు.

విర్యాత్మో ఇంటికెళ్ళి, "మూటలు విప్పేయ్. గెలిచాం" అన్నాడు.

"ఆ హోటలాయనా మనకి రాజు?"

"మాట మైదానంలో పడిందే. ఊరంతా విన్నది."

ఎన్నడూ ఆయన మాట నమ్మని మనిషి ఆ పూట నమ్మింది. గిన్నెలన్నీ మళ్ళీ అలమరలో సర్దింది.

వారం తిరక్కుండానే నేల కొలిచే టేపులు పట్టుకుని మనుషులొచ్చారు. విర్యాత్మో కుస్నాది దగ్గరికి పరుగెత్తాడు.

"రండి రండి పాక్! ఆ రోజు ఏడిపించేశారు. మా ఆవిడ ఇంకా అదే చెప్పుకుంటోంది!"

"మరి మా ఇల్లు?"

"ఏ ఇల్లు?" కుస్నాది నవ్వబోయి, ఎదుటి మొహం చూసి ఆగిపోయాడు. "అది నాటకం కదా, పాక్."

"నేను గేదె గురించి అడగలేదు."

కుస్నాది టీ గ్లాసు ఆయన ముందుకు జరిపాడు. "వచ్చే ఏడు కూడా మీరే కూర్చోవాలి. మీకు సాటి లేరు," అన్నాడు నిజమైన గౌరవంతో.

మర్నాడు విర్యాత్మో తెల్లబట్టలు కట్టుకుని మళ్ళీ మైదానంలో కూర్చున్నాడు. చల్లటి షర్బత్ అమ్మే తుమినా బండి ఆపింది.

"పండగైపోయిందిగా పాక్, ఇంకా వేషం విప్పలేదేం?"

మాట్లాడకూడదు కనక ఆయన మాట్లాడలేదు. పర్యాటకులు పక్కన కూర్చుని ఫొటోలు దిగారు. కాపలావాళ్ళిద్దరు వచ్చి ప్రదర్శనకు అనుమతి ఉందా అని అడిగారు. జవాబు లేకపోయేసరికి ముసలాయనకు వడదెబ్బ తగిలిందనుకున్నారు. పాపం, ఎంతో జాగ్రత్తగా ఎత్తి, గోడ నీడలో కూర్చోబెట్టారు. నీడ తగిలితే మొర చెల్లదు. ఆయన పాక్కుంటూ ఎండలోకి వచ్చాడు. వాళ్ళు మళ్ళీ ఎత్తారు.

మధ్యాహ్నానికి లాసియెమ్ వచ్చింది.

"లేవండి. పెంకులు దింపుతున్నారు. బీరువా నేనొక్కదాన్నే జరపలేను."

ఆయన నోరు విప్పాడు. "ఇంకా రాజుగారి కంట పడలేదే."

"ఏసీలు పెట్టి కోట కిటికీలన్నీ మూసేశారు. ఎవరి కంట పడతారు?"

ఆవిడ చెయ్యి అందించింది. భుజం మీది గుడ్డ తీసి ఆయన తల మీద కప్పింది. ఈసారి ఆయన నీడ వద్దనలేదు.