క్యాంపు ఆంటీ ముందే చెప్పారు

ఆదివారం పొద్దున ఆరాధనకు తయారవుతుంటే చర్చి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది, క్యాంపు ఆంటీ ప్రభువునందు నిద్రించారని. జడ వేసుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. ఉన్నమాట చెప్పాలి, మొదట నాకు ఏడుపు రాలేదు. గుండె మీది బరువు దిగినట్టు తేలికైంది. మా ఇంటి గుట్టు లోపలిదాకా చూసిన మనిషి ఇక ఎదురుపడరు కదా అనిపించింది. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. ఒక మంచి మనిషి పోయిందని తెలిసి ఊపిరి పీల్చుకున్నానా నేను? సిగ్గుతో మంచం మీద కూలబడ్డాను.

మాదన్నపేటలో మా చర్చికి వచ్చే కుటుంబాలన్నిటికీ ఆవిడ క్యాంపు ఆంటీయే. నర్సుగా చేసి రిటైరయ్యారు. ప్రతి ఎండాకాలం చర్చి పిల్లల్ని ఊరి బయట ఒక హాస్టల్‌లో జరిగే క్యాంపుకు తీసుకుపోయే బాధ్యత ఆవిడదే. మనిషి పొట్టి, గొంతు పెద్దది. కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకుని, మెడలో ఈల వేసుకుని తిరిగేవారు. ఆ ఈల వింటే పిల్లలే కాదు, గేటు దగ్గర ముచ్చట్లు పెట్టుకున్న మగవాళ్లు కూడా సర్దుకుని నిలబడేవారు.

పిల్లల్ని మొదటిసారి క్యాంపుకు పంపే తల్లిదండ్రులకు ఎన్ని అనుమానాలుంటాయో మీకు తెలియంది కాదు. అందుకే క్యాంపుకు ముందటి ఆదివారం ఆరాధన కాగానే ఆంటీ అందర్నీ కూర్చోబెట్టేవారు. మా పాప మూడో తరగతి అయిన ఏడు మేమూ కూర్చున్నాం.

"ఫోన్ చెయ్యొద్దు," అన్నారు మొదలుపెడుతూనే. "అమ్మ గొంతు ఇంటె అప్పటిదాంక మంచిగ ఆడుకునేటోళ్లు గూడ ఏడుపు షురూ చేస్తరు. నేను పిల్లల్ని ఓదార్చాల్నా, మిమ్ములనా?"

తిండి సంగతి ఎవరో అడిగారు. "పప్పు, అన్నం, ఒక కూర. ఇంట్ల బెండకాయ ముట్టనోడు ఆడ మళ్ల మళ్ల అడుగుతడు. ఇంటికొచ్చినంక మళ్ల ముట్టడు. నన్ను అనొద్దు."

పొద్దున బైబిలు కథలు, పాటలు, సాయంత్రం ఆటలు ఉంటాయన్నారు. చీకటి భయంతో కొందరు పక్క తడుపుతారని, ఆ దుప్పట్లు తానే ఉతుకుతానని, ఆ మాట ఏ ఇంటికీ చేరదని చెప్పారు. తిరిగొచ్చిన పిల్లలు అన్నం ముందు అందరి చేతులూ పట్టుకుని పెద్ద పెద్ద ప్రార్థనలు చేస్తారట, కూర చల్లారినా ఓపిక పట్టాలట. చివరికి గొంతు కొంచెం తగ్గించి అన్నారు.

"ఇంకొక ముచ్చట. రోజూ ప్రార్థన టైముల, మీ ఇంటికోసం ఏం అడుగుతరు బిడ్డా అని అడుగుతం. మీ ఇంట్ల ఏం నడుస్తుందో గదే చెప్తరు. పిల్లలకు దాపరికం ఉండది. ముగింపు నాడు చర్చిల గూడ చెప్తరు. తయారుగ ఉండుండ్రి. ఇంటికి తీస్కపోయి కొట్టొద్దు."

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. స్త్రీల సమాజంలో కుటుంబ ప్రార్థన గురించి మాట్లాడేదాన్ని మరి.

అప్పటికి మా ఇంట్లో సంగతేమిటంటే, నేనూ మా ఆయనా క్రిస్మస్ నుంచి మాట్లాడుకోవడం లేదు. గొడవ పండగ బట్టల దగ్గర మొదలై, నా పుట్టింటివాళ్ల మీదికి పోయి, ఇద్దరి నోళ్లూ మూసుకునేదాకా వచ్చింది. వంట ఆగలేదు, డ్యూటీలు ఆగలేదు. మాట మాత్రం పాప మీదుగా నడిచేది. "నాన్నకు చెప్పు, అన్నం పెట్టిన్నని." "అమ్మకు చెప్పు, నాకు ఆకలి లేదని." పక్క గదిలో ఉన్న మనిషికి కూడా పాపే చేరవెయ్యాలి. చర్చిలో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చుంటారు కాబట్టి మా సంగతి ఎవరి కంటా పడలేదు. పాపకు అదో ఆటలే అనుకున్నాను.

క్యాంపు ముగింపు నాడు ఆంటీ పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. పిల్లను ముందుకు పిలుస్తారు. ఒక చెయ్యి తల్లి, ఒక చెయ్యి తండ్రి పట్టుకోవాలి. నడుమ నిలబడి ఆ పిల్ల తన ఇంటికోసం పైకి ప్రార్థన చెయ్యాలి. మా వంతు వచ్చింది. పాప కళ్లు గట్టిగా మూసుకుంది. మైకు దగ్గరగా ఉంది.

"ప్రభువా, అమ్మ మాటలు నాన్నకు, నాన్న మాటలు అమ్మకు నేనే చెప్తున్న. ఇస్కూల్ తెరిస్తే నాకు టైం ఉండది. అప్పుడు నువ్వు చెప్పవా? ఆమేన్."

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మా ఆయన చెయ్యి పాప చేతిలోనే ఉంది, మొహం మాత్రం గోడవైపు తిరిగిపోయింది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. ఆ రోజు నా చీర రంగు కూడా ఇప్పటికీ గుర్తుంది, మళ్లీ ఎప్పుడూ కట్టలేదు.

బయటికొచ్చాక ఆంటీ దగ్గరికి పోయి, "మీకు ముందే తెలుసు గదా ఆంటీ, పిల్లను ఆపొచ్చు గదా," అన్నాను.

"ఆపొచ్చు," అన్నారు ఆవిడ. "ఆపితే పిల్ల ఏమనుకుంటది? దేవునికి గూడ చెప్పొద్దేమో అనుకుంటది."

ఇంటికి పోతుంటే ఆటోలో పాప అడిగింది, "నేను తప్పు చెప్పిన్నా?" అని. ఆయన అటు రోడ్డు చూశాడు, నేను ఇటు చూశాను. అంతే, ఆ పూట నుంచి పాప మాటలు మొయ్యడం మానేసింది. తన మాటలు కూడా తగ్గించుకుంది. పిలిస్తే తలూపేది. నా పరువు సంగతి సరే, గలగలా వాగే పిల్ల మూగదైపోతుందేమోనని భయం పట్టుకుంది. అయినా సిగ్గు నన్ను కదలనివ్వలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆంటీ మా ఇంటికొచ్చారు. మా ఆయన ముందుగదిలో ఉన్నాడు. ఆంటీ కుర్చీలో కూర్చుని, "బిడ్డా, కింద పిల్లలు ఆడుకుంటున్నరు, నేను పిలిచెదాంక రాకు," అని పాపను పంపేశారు. నేను వంటింట్లో చాయ్ పెట్టాను. ఇంతలో నల్లా వచ్చింది. మా గల్లీలో నల్లా వస్తే వెంటనే మోటర్ వెయ్యాలి, లేకపోతే పైకి చుక్క ఎక్కదు. స్విచ్ మా ఆయన తల పక్కనే ఉంది. చెప్పడానికి పాప లేదు. ఆంటీ వైపు చూశాను. ఆవిడ కళ్లు మూసుకుని చేతులు జోడించుకుని కూర్చున్నారు. కింద ఇళ్ల మోటర్లు ఒక్కొక్కటే మోగుతున్నాయి.

"ఇగో, నల్లా వచ్చింది. మోటర్ ఎయ్యుండ్రి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఏస్తున్న," అన్నాడు.

ఆంటీ కళ్లు తెరిచారు. "చాయ్ల చక్కెర తక్కువెయ్యి," అన్నారు నాతో, ఇంకేమీ జరగనట్టు. వెళ్తూ వెళ్తూ కింద పాప తల నిమిరి, "నువ్వు మంచిగ అడిగినవ్ బిడ్డా," అన్నారట. ఆ రాత్రి పాప అన్నం ముందు మా చేతులు పట్టుకుని ప్రార్థన చేసింది. కూర చల్లారింది.

ఆ మేలుకు నేను ఆవిడకు ఏం చేశానంటారా? తప్పించుకు తిరిగాను. మాదన్నపేట కూరగాయల మార్కెట్లో కనబడితే ఇంకో వరసలోకి దూరేదాన్ని. స్త్రీల సమాజంలో మాట్లాడటం మానేశాను. చర్చిలో ఆవిడ కూడా నా మొహంలోకి చూసేవారు కాదు. నా తక్కువతనం చూసి జాలిపడుతున్నారనుకున్నాను. ఆ జాలి నాకు కారం రాసినట్టుండేది. ఇన్నేళ్లలో ఒక్క థ్యాంక్స్ చెప్పలేదు.

మెసేజ్ వచ్చిన మర్నాడు సమాధుల తోటకు ముగ్గురం వెళ్లాం. పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, క్యాంపులో ఆంటీకి సాయంగా కూడా పోయింది. పెట్టె దించాక పాస్టరుగారు కొడుకులిద్దర్నీ కలిసి మన్ను వెయ్యమన్నారు. పెద్దాయన కిషన్‌బాగ్‌లో ఉంటాడు, చిన్నాయన ఉస్మాన్‌గంజ్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో పని చేస్తాడు. పెద్దాయన పిడికిట మన్ను తీసుకున్నాడు. చిన్నాయన దూరంగా ప్రహరీ దగ్గరే నిలబడిపోయాడు.

"ఈ అన్నదమ్ములకు మాటల్లేవమ్మా, పదిహేనేండ్లు దాటె," అంది ఆంటీ పక్కింటావిడ నా చెవిలో. "ఇటు మాట అటు, అటు మాట ఇటు ముసల్దే మోసేది. ఎవరికన్న తెలుస్తదేమోనని చచ్చేటంత సిగ్గు ఆమెకు."

చర్చిలో ఆవిడ నా వైపు చూడకపోవడం జాలి కాదన్నమాట. నేను ఆవిడ ఎదుట తల దించుకున్నట్టే ఆవిడా నా ఎదుట తల దించుకున్నారు. తన ఇంట్లో చేతకానిది నా ఇంటికొచ్చి చేసి, ఆ సిగ్గు ఒక్కరే భరించారు. ఒక్కసారి నేను దగ్గరికెళ్లి కూర్చునుంటే నాతోనైనా చెప్పుకునేవారేమో.

పెద్దాయన చుట్టూ చూశాడు. పూలబుట్ట పట్టుకుని మా పాప నా పక్కనే ఉంది, పక్కింటావిడ మాట దానికీ వినబడే ఉంటుంది.

"అమ్మా, ఆయన్ని జర రమ్మని చెప్పు."

పాప కదల్లేదు. బుట్ట కింద పెట్టింది. "మీరే పిలువుండ్రి అంకుల్," అంది నెమ్మదిగా. "ఇంక చెప్పేటోళ్లు లేరు గదా."

పెద్దాయన పిడికిట్లోని మన్ను వేళ్ల సందుల్లోంచి కొంచెం కొంచెంగా తన చెప్పుల మీదే రాలుతోంది. ప్రహరీ వైపు తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు.