మేడమ్‌కి మాత్రమే పలికే బటన్లు

ఆఫీసులో ఆమెను అందరూ సరే మేడమ్ అంటారు. ఆమె "సరే" అంటే తప్ప అక్కడ తయారైన సాఫ్ట్‌వేర్ ఏదీ గడప దాటకూడదని, కొనేవాళ్లతో చేసుకున్న ఒప్పందాల్లోనే రాసుకున్నారు. పుట్టుకతోనే చూపు లేదు కాబట్టి, చూపు లేనివాళ్లు దాన్ని వాడగలరో లేదో తేల్చే ఉద్యోగం ఆమెది. తెర మీద ఏముందో కంప్యూటర్ గొంతు చదివి వినిపిస్తుంటే, మౌస్ ముట్టుకోకుండా కీబోర్డుతోనే ప్రతి పేజీ చివరిదాకా వెళ్లి వస్తుంది. ఎక్కడ అడ్డం తగిలితే అక్కడ ఆగి ఫిర్యాదు రాస్తుంది.

కంపెనీ ఆమెను అరచేతుల్లో పెట్టుకుని చూసుకునేది. చూపు లేకపోతే చెవులు కూడా పనిచేయవని ఎవరు చెప్పారో గాని, అందరూ ఆమెతో గొంతు చించుకుని మాట్లాడేవాళ్లు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆమె నవ్వుతున్న ఫొటో ఒకటి పెద్దది చేసి మెట్ల దగ్గర తగిలించారు. ఫొటో ఎంత బాగా వచ్చిందో ప్రతివాళ్లూ ఆమెకు చెప్పారు. కింద ఏం రాశారో చదివి వినిపించాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు.

చేరిన కొత్తలో ఆమె ఫిర్యాదులతో టీమ్ లీడర్‌కి తల ప్రాణం తోకకొచ్చేది. బొమ్మ వేసి పేరు పెట్టని బటన్ మీదికి వెళ్తే కంప్యూటర్ గొంతు "బటన్" అని ఊరుకుంటుంది. అది పంపే బటనో, మొత్తం చెరిపేసే బటనో దేవుడికే తెలియాలి. తర్వాత్తర్వాత ఆ బాధ తీరింది. ఏ బటన్ మీదికి వెళ్లినా పిలిచి పీట వేసినట్టు పేరు చెప్పేది. "మావాళ్లకి పని చేతికొచ్చింది" అని ఆమె ఇంట్లో మొగుడి దగ్గర మురిసిపోయేది.

మొగుడికీ చూపు లేదు. ఇద్దరూ ఒకే స్కూల్లో, ఒకే బెంచీ మీద దెబ్బలాడుకుంటూ పెరిగినవాళ్లు. అతను ఓ హోటల్లో టెలిఫోన్ ఆపరేటర్. ఫోన్లెత్తే పని మెషిన్‌కి అప్పగించి, నెలాఖరుకి ఇంటికి వెళ్లమన్నారు. సిటీ బస్సుల సంస్థలో ప్రయాణికులకు ఫోన్లో వివరాలు చెప్పే ఉద్యోగాలు పడ్డాయి. దరఖాస్తు కంప్యూటర్లోనే పెట్టాలి, శుక్రవారం సాయంత్రం ఆఖరు. ఆ దరఖాస్తు సాఫ్ట్‌వేర్ చేసింది ఆమె కంపెనీయే. సరే అన్నది ఆమే.

గురువారం సాయంత్రం అతను ఇంటి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"బటన్. బటన్. బటన్" అంది గొంతు.

"నువ్వు సరే అన్నది దీన్నేనా? నా మీద అలిగినట్టుందే!"

"వాడటం చేతకాక దాన్నంటావేం? జరుగు."

ఆమె తన ఆఫీసు లాప్‌టాప్ తెచ్చి తన పేరుతో లోపలికి వెళ్లింది. ఫొటో చేర్చండి, దరఖాస్తు పంపండి అంటూ బటన్లన్నీ ముద్దుగా పేర్లు చెప్పాయి. "విన్నావా?" అని గర్వంగా అడిగి, అదే లాప్‌టాప్‌లో ఈసారి మొగుడి పేరుతో వెళ్లింది.

"బటన్. బటన్. బటన్."

ఆమె బయటికొచ్చి మళ్లీ అతని పేరుతోనే వెళ్లి చూసింది. అదే పాట. "పోనీ మా అన్నయ్యని పిలవనా? వచ్చి చూసి నింపేస్తాడు" అంది.

"వద్దు తల్లీ! ఎప్పుడో ఓసారి కరెంటు బిల్లు కట్టిపెట్టిన సంగతి బావగారు ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్తున్నారు. ఉద్యోగం కూడా ఆయనే ఇప్పించారంటే ఇక బతికినన్నాళ్లూ వినాలి. నా దరఖాస్తు నేనే పెట్టుకుంటాను."

శుక్రవారం పొద్దున్నే ఆమె టీమ్ లీడర్‌ని పట్టుకుంది. అతను నీళ్లు నమల్లేదు. పైగా, రహస్యంగా దాచిన బహుమతి బయటపడ్డట్టు సిగ్గుపడ్డాడు.

"తెలిసిపోయిందా మేడమ్?" అని అరిచాడు. "మీరు లాగిన్ అవగానే గుర్తుపట్టి బటన్లకి పేర్లు తగిలించేలా రాశాం. అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ అంతే! మీరు ఇబ్బంది పడుతుంటే చూడలేకపోయాం."

"మరి మిగతావాళ్లకి?"

"అందరికీ తగిలిస్తే పేజీ కాస్త నెమ్మదిస్తుంది మేడమ్. చూపున్నవాళ్లు విసుక్కుంటారు కదా!"

ఆ పేర్లు పలకడం మొదలై మూడేళ్లు. ఆసుపత్రి పేజీకి సరే, పెన్షన్ పేజీకి సరే. ఎంతమంది చీకట్లో "బటన్, బటన్" వింటూ తమకే చేతకాలేదని ఊరుకున్నారో!

"మా ఆయన సాయంత్రంలోపు దరఖాస్తు పెట్టాలి."

"ఇంతేనా! సార్ పేరు కూడా చేర్చేస్తాం. క్షణంలో పని!"

ఆమెకు ఆశ పుట్టింది. తల ఊపితే చాలు, ఇల్లు నిలబడుతుంది. పక్కకు వెళ్లి మొగుడికి ఫోన్ చేసింది. అంతా విని అతను పగలబడి నవ్వాడు.

"చేర్చమను. మన స్కూల్ బెంచీవాళ్లూ ఆ ఉద్యోగానికే దరఖాస్తు పెడుతున్నారు, వాళ్ల పేర్లు కూడా చెప్పు."

ఆమె తిరిగొచ్చి, "రాసుకోండి" అని పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. మొగుడు, బెంచీవాళ్లు, హాస్టల్ వాళ్లు, వాళ్ల పెళ్లాలు. టీమ్ లీడర్ బుద్ధిగా టైపు కొట్టుకుంటూ పోయాడు. చివరికి అతని వేళ్లు నొప్పెట్టాయి.

"ఇంకా ఎంతమంది మేడమ్?"

"పుట్టబోయేవాళ్లకి ఇంకా పేర్లు పెట్టలేదు, వాళ్లని తర్వాత చూద్దాం. మీ అమ్మగారికి షుగర్‌తో చూపు తగ్గుతోందన్నారుగా. ఆవిడ పేరు కూడా రాసుకోండి."

కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"నా పేరు అన్నిట్లోంచీ తీసేయండి" అంది ఆమె. "ఈ బస్సుల దరఖాస్తు పేజీకి నా సరే వెనక్కి తీసుకుంటున్నాను. మధ్యాహ్నంలోపు అందరికీ పలికితే మళ్లీ ఇస్తాను. లేకపోతే ఎందుకివ్వలేదో బస్సుల సంస్థకి నేనే చెప్తాను."

మధ్యాహ్నానికి అందరికీ పలికింది. పేజీ నెమ్మదించిందని చూపున్నవాళ్లు విసుక్కున్నారు కూడా. సాయంత్రం కాకముందే మొగుడి ఫోన్ వచ్చింది.

"పంపేశాను. ఉద్యోగం వస్తుందో రాదో గాని, బటన్ మాత్రం నేనే నొక్కాను."

ఆమె కళ్లు తుడుచుకుని, పాత పెన్షన్ పేజీ తెరిచింది. "బటన్. బటన్" అంది గొంతు, ఇన్నాళ్లూ లోకానికి చెప్పినట్టే ఇప్పుడు ఆమెకూ. ఫిర్యాదు రాయబోతూ ఆగి, పక్కనే నిలబడ్డ టీమ్ లీడర్‌ని అడిగింది.

"మెట్ల దగ్గర నా ఫొటో ఉందటగా. కింద ఏం రాశారు?"

అతను ఆమెతో ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో చెప్పాడు.

"అందరికీ అందే సాఫ్ట్‌వేర్... అని మేడమ్."

"వినపడలేదండీ" అంది ఆమె. "కాస్త గట్టిగా చదవండి."