ఇంకా పెద్ద బోరు

హైదరాబాద్ తుపాకీల దుకాణంలో నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. కోరుట్ల దగ్గర మా మక్క చేనును అడవి పందులు నాశనం చేస్తున్నాయి. పంట కాపాడుకోవడానికి బాపుకు లైసెన్సుంది కానీ పాత తుపాకీ తుప్పు పట్టింది. కొత్తది చూడటానికి బాపు, తమ్ముడు బయల్దేరితే, జగిత్యాలలో ఆఫీసుకు సెలవు పెట్టి నేనూ వెంటపడ్డాను.

దుకాణదారు పన్నెండు బోరు తుపాకీ తీసిచ్చాడు, రెండు గొట్టాలది. బాపు దాని వెనక కర్రను మోచేతి మడతలో ఆనించి, వేలు మీటకు అందుతుందో లేదో చూసుకున్నాడు. కల్లు గీసేందుకు తాళ్లెక్కే రోజుల్లో గీత కత్తి కొన్నా ఇంతే, పెళ్లిచూపులంత తతంగం. తుపాకీ చక్కగా సరిపోయింది. అయినా ముఖం ముడిచాడు.

“గింతకన్న పెద్ద బోరు లేదా సేటూ?”

“పందులకు గిదే ఎక్కువ, పెద్దాయనా.”

“పెద్దదైతే గుండ్లు ఎక్కువ పోతయి గదా. ఎటన్న ఒకటి తాకుతది.”

గురి మీద నమ్మకమున్న మనిషి అట్లా మాట్లాడతాడా? ఇప్పుడు తాళ్లెక్కేది తమ్ముడు. తెల్లారకముందే, పందులొచ్చే వేళకే పోతాడు. ఆ తాటిచెట్లన్నీ మక్క చేను గట్టు మీదే.

నేను నోరు తెరిచేలోపే బాపు తలుపు వైపు తిరిగాడు. “తమ్ముడు ఎటు పోయిండు బిడ్డా?”

తమ్ముడు రోడ్డవతల చాయ్ బండి దగ్గర నిలబడి మాకు చెయ్యి ఊపుతున్నాడు. బాపు చూస్తున్నది సరిగ్గా వాడి వైపే.

“గాడనే ఉన్నడు బాపూ. చెయ్యి ఊపుతుండు.”

బాపు కళ్లు చికిలించి చాలాసేపు చూశాడు. తర్వాత తుపాకీని మెల్లగా గాజు బల్ల మీద పెట్టేశాడు.

“బరువున్నది సేటూ. మళ్లొస్త.”

శుద్ధ అబద్ధం. మామూలుగానైతే గొడవ పడేదాన్ని. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

తిరుగు దారిలో సిరిసిల్లలో దిగి, మగ్గాల కార్ఖానా నడిపే తెలిసినాయన దగ్గర డ్యామేజీ చీరలు అడిగాం. చేను చుట్టూ చీరలు కడితే పందులు జంకుతాయని మా దిక్కు అందరూ కడతారు. తమ్ముడు చేతికందినవి మూట కడుతుంటే బాపు ఆపి, ఎర్రటివే ఏరి లాగాడు.

“పందులకు రంగులు తెలుస్తయా బాపూ?” తమ్ముడు నవ్వాడు.

బాపు ఒక చీరను వాడి భుజం మీద వేశాడు. వెనక్కి నడుస్తూ నడుస్తూ కార్ఖానా తలుపు దాకా పోయి నిలబడ్డాడు.

“గిప్పుడు కనవడ్తున్నవురా కొడుకా,” అన్నాడు.