నేను తిట్టడం మానేసిన ఏళ్ళు

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. నేను గొంతెత్తితే పక్కనున్న బలిఘట్టం ఊరి దాకా వినబడుతుందని మా అత్తగారు అనేవారు. పెళ్ళయిన నాటి నుంచి మా ఆయనా నేనూ ఉప్పుకీ పప్పుకీ పోట్లాడుకున్నవాళ్ళమే. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం లోపలి పొర చిరిగి, విశాఖపట్నంలో ఆయనకి ఆపరేషన్ జరిగాక నేను నోటికి తాళం వేసుకున్నాను.

డాక్టరు గారు నాకు అర్థమయ్యేలా చెప్పారు. గుండె దగ్గర చిరిగిన ముక్క తీసేసి గొట్టం కుట్టారట. దాని దిగువన, కడుపు దాకా, చిరుగు అలాగే ఉండిపోయిందట. రక్తం ఒత్తిడికి ఆ గోడ ఏళ్ళ తరబడి మెల్లగా సాగవచ్చు. మరీ సాగితే మళ్ళీ ఆపరేషనే. అందుకే ఏటేటా స్కాన్. బరువులెత్తకూడదు, బీపీ పెరగకూడదు.

ఆయన బీపీ పెంచడంలో నన్ను మించినవాళ్ళు మా నర్సీపట్నంలో లేరు కాబట్టి, ఏమన్నా "సరేనండి" అనడం నేర్చుకున్నాను. తడి తువ్వాలు మంచం మీద పడేసినా సరేనండి. టీవీ హోరెత్తించినా సరేనండి. ఒళ్ళు మండితే పెరట్లోకి వెళ్ళి బట్టలు బండకేసి బాదేదాన్ని.

ఈ ఏడు స్కాన్ చూసి డాక్టరు గారు, "గొట్టం బాగుంది. దిగువన కొంచెం సాగింది. ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు, ఆరు నెలలకి మళ్ళీ చూద్దాం" అన్నారు. ఇంత అణిగిమణిగి ఉన్నా సాగిందా అని నాకు ఏడుపొచ్చింది.

ఇంటి ముందు ఆటో దిగేసరికి, నాతవరం నుంచి మా మరిది పంపిన బియ్యం బస్తా అరుగు మీద ఉంది. నేను తాళం తీస్తుంటే ఆయన వంగి దాన్ని ఎత్తబోయారు.

"వదలండి! బుద్ధుందేటి మీకు? డాక్టరు గారేటి సెప్పారు, మీరేటి సేస్తన్నారు?"

ఎదురింటివాళ్ళు తలుపు తీసి చూశారు. నా నోరు ఆగలేదు. ఇన్నేళ్ళూ మింగినవన్నీ కక్కేశాను.

ఆయన బస్తా వదిలేసి అరుగు మీద కూర్చున్నారు. కళ్ళలో నీళ్ళు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"నొప్పొస్తోందా?"

"నొప్పి కాదే. ఇన్నేళ్ళూ నువ్వంత మెత్తబడిపోతే, నేను బేగి పోతానని డాక్టరు గారు నీకు సెప్పీసేరు కాబోలనుకున్నాను. అడగడానికి భయమేసింది."

ఆయన పక్కన కూలబడ్డాను. ఇన్నేళ్ళలో ఒక్క మాట అడగకూడదా అని తిట్టబోయాను. ముందు కొంగుతో ఆయన కళ్ళు తుడిచాను.